శాంటో డొమింగోలో బొట్టు

మా అన్న తన కొత్త ఇంటి గృహప్రవేశానికి నన్ను ఫోనులో కార్డు పంపి పిలిచాడు. అదీ నాకు విడిగా కాదు. బంధువులందరూ ఉన్న గ్రూపులో వేశాడు. కింద ‘అందరు రావాలె’ అని రాసి దండం పెట్టే బొమ్మలు పెట్టాడు. తుక్కుగూడ నుంచి ఇబ్రహీంపట్నం ఎంత దూరమని? సిమెంటు నింపుకున్న లారీ కూడా టీ చల్లారేలోగా వచ్చేస్తుంది. వదినను వెంటబెట్టుకుని వచ్చి, మా గడప దగ్గర నాకు బొట్టు పెట్టించి, నువ్వు రావాలె చెల్లె అని ఒక్క మాట అంటే చాలు. మా వైపు కొత్త ఇంట్లో పాలు పొంగించేది ఆ ఇంటి ఆడబిడ్డ. మా అన్నకు ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. నేను పోలేదు. నా బదులు వదిన చెల్లెలు పొంగించిందట. ఆ ఫోటో కూడా అదే గ్రూపులో వచ్చింది. గిన్నె మీద నుంచి పాలు కారుతుంటే ఆమె పళ్లన్నీ కనబడేట్టు నవ్వుతోంది.

ఆ రోజు నుంచి, ఇన్నేళ్లుగా, మా అన్నతో నాకు మాట లేదు. ఇంత చిన్నదానికా అని అడిగేవాళ్లు ఉన్నారు. అడిగినవాళ్లంతా, తమ అన్నలు ఇంటికొచ్చి బొట్టు పెట్టించి పిలిస్తే పోయినవాళ్లే. నాకు జరిగిన చిన్నచూపును నేను మరచిపోను. మరచిపోతే అది జరగనట్టే అవుతుంది కదా.

మా ఆయనకూ నాకూ సాగర్ రోడ్డు మీద సిమెంటు, సలాకల దుకాణం ఉంది. మా అన్నది తుక్కుగూడలో అదే వ్యాపారం, అదే కంపెనీ సరుకు. బాగా అమ్మిన డీలర్లను కంపెనీ ఏటా ఏదో ఒక దేశం తిప్పి తెస్తుంది. మొన్న మొన్నటి దాకా థాయ్‌లాండ్, దుబాయి. అవి అందరూ చూసేశారని ఈసారి డొమినికన్ రిపబ్లిక్ అన్నారు. ఆ పేరు మా దుకాణంలో ఎవరికీ నోరు తిరగలేదు. మా ఆయన ఫోనులో పటం తీసి, “గిదో, అమెరికా కింద నీళ్లల్ల” అని చూపించాడు. వేలు పెడితే దేశం మొత్తం వేలి కింద దాక్కుంది.

శంషాబాద్ విమానాశ్రయంలో కంపెనీ వాళ్లు అందరికీ పసుపు టోపీలు పంచుతుంటే, టోపీ పెట్టుకుని నిలబడ్డ మనుషుల్లో మా అన్నా వదినా కనబడ్డారు. నేను మా ఆయన వైపు చూశాను.

“నీకు ఎర్కనా?”

“ఎర్కనే.”

“మరి చెప్పకపోతివి?”

“చెప్తే వస్తుంటివా?”

వచ్చేదాన్ని కాదు. కానీ చెప్పకపోవడం కూడా తప్పే, అది కూడా గుర్తుంది. అక్కడి నుంచి వెనక్కి తిరుగుదామనుకున్నాను. కానీ ఎండలో నిలబడి లారీలు దింపించింది నేను. మేస్త్రీలతో గొంతు పోయేదాకా మాట్లాడింది నేను. ఆ టూరు నా కష్టంతో వచ్చింది. ఎవరి మొహమో చూడాల్సి వస్తుందని నేనెందుకు మానుకోవాలి?

రెండు చోట్ల విమానం మారి సముద్రం ఒడ్డున ఒక హోటలుకు చేరాం. పెద్ద హోటలు కావడంతో తప్పించుకు తిరగడం తేలికైంది. వాళ్లు ఈ చివర ఉంటే నేను ఆ చివర. అట్లాగే గడిచిపోయేది. కానీ ఒక పొద్దున టిఫిను దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడితే, నా వెనక ఉన్న నాదర్‌గుల్ డీలర్ గారి భార్య నా భుజం తట్టింది.

“మీ మేనకోడలి పెండ్లి కుదిరిందట గద అక్కా. మీ వదినె చెప్పింది. మస్తు మంచి సంబంధమంట.”

నేను అవ్ అన్నాను. ఇంకేం అనాలి? ఆ పిల్లకు పేరు పెట్టింది నేను. మేనత్త ఒళ్లో కూర్చోబెట్టుకుని చెవిలో పేరు చెబితేనే అది పేరు. పుట్టిన పదకొండో రోజున రావిర్యాలలో మా తల్లిగారింట్లో, పిడికెడంత ఉన్న ఆ పిల్ల చెవిలో మొదటిసారి దాని పేరు పలికిన నోరు నాది. దాని పెళ్లి కబురు నాకు గుడ్డు ఉడికే గిన్నె పక్కన, పరాయి మనిషి నోటి నుంచి తెలిసింది. ఆ పూట నేను తిన్నదేమిటో గుర్తు లేదు.

అప్పటి నుంచి ఒక్కటే ఆలోచన. ఈసారి ఎట్లా పిలుస్తాడు? మళ్లీ గ్రూపులో కార్డు వేస్తే నేను పోలేను. పోకపోతే, ఆ పిల్ల పెళ్లి కూడా నేను ఫోటోల్లోనే చూడాలి.

మర్నాడు చీకటితోనే బస్సు ఎక్కించారు. శాంటో డొమింగో అని ఆ దేశపు రాజధాని, నాలుగైదు వందల ఏళ్ల కిందటి పాత ఊరు, ఒక్క రోజులో చూపించి తెస్తామన్నారు. ముందు సీట్లు ఎక్కువ సరుకు అమ్మినవాళ్లకట. మా అన్న రెండో వరసలో కూర్చున్నాడు. మాకు వెనక చక్రం మీద సీటు వచ్చింది. నేను మా వెంట వచ్చిన కంపెనీ ఏరియా మేనేజర్‌ను పిలిచాను. బస్సులో కూర్చోవడానికీ బస్తాలకూ సంబంధమేమిటని అడిగాను. ఆయన నవ్వి, వచ్చేటప్పుడు మారుస్తానన్నాడు. మార్చలేదు.

గైడు నా వయసు ఆడమనిషే. పొట్టిగా, నల్లగా, బిగుతైన ఉంగరాల జుట్టుతో ఉంది. చేతిలో మడిచిన ఆకుపచ్చ గొడుగు. గొడుగు పైకి ఎత్తితే మేమంతా దాని వెనక పోవాలి. ఆమె ఇంగ్లీషులో చెబితే ఏరియా మేనేజర్ తనకు తోచినంత తెలుగులో చెప్పేవాడు. దారిలో మైకు పట్టుకుని ఆమె ఒక కథ చెప్పింది. వెనకటికి ఒక నావికుడు మన దేశం కోసం ఓడలు వేసుకుని బయలుదేరి, దారి తప్పి ఈ దీవులకు వచ్చి, ఇదే ఇండియా అనుకుని ఇక్కడి మనుషులను ఇండియన్లు అన్నాడట. అసలు ఇండియన్లు ఇన్నాళ్లకు వచ్చారు, కొంచెం ఆలస్యమైంది అని ఆమె అంటే బస్సంతా నవ్వింది. అడ్రసు తప్పినా మనిషి తనే బయలుదేరి వచ్చాడు, ఫోనులో కార్డు పంపలేదు అనుకున్నాను నేను. తర్వాత ఆమె మెల్లగా ఇంకో మాట చెప్పింది. అప్పుడు ఇక్కడ ఉన్న ఆ మనుషులు కొద్ది ఏళ్లలోనే దాదాపు అంతా చచ్చిపోయారట, జబ్బులతో, చాకిరీతో. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఏరియా మేనేజర్ ఆ మాట తెలుగులో చెప్పలేదు. మా ఆయన నాకు చెప్పాడు.

పాత ఊళ్లో బస్సులు పోనివ్వరు. దిగి నడవాలి. మొదట ఆడవాళ్ల వీధి అని ఒక వీధి చూపించింది. గవర్నరు భార్య తన చెలికత్తెలతో సాయంత్రాలు అక్కడ తిరిగేదట, అందుకని ఆ పేరు. కింద నున్నగా అరిగిన రాళ్లు. రెండు వైపులా మందమైన గోడలు, ఆ గోడలకు చెక్క తలుపులు. ఆ చివర నది. సిమెంటు లేని కాలం కదా, ఆ గోడల సందుల్లో ఏం కూర్చారా అని మావాళ్లంతా గోళ్లతో గీకి చూడబోతే గైడు గొడుగుతో వారించింది.

మా అన్న ముందు నడుస్తున్నాడు. చాలా ఏళ్ల తర్వాత నేను ఆయనను అంతసేపు చూడడం అదే, అదీ వెనక నుంచే. ఎడమ మోకాలు మీద బరువు వేయకుండా పక్కకు ఒరిగి నడుస్తున్నాడు. మెడ వెనక చర్మం గళ్లు గళ్లుగా ముడత పడింది. టోపీ కింద జుట్టుకు రంగు వేసి చాలా రోజులైనట్టుంది, కుదుళ్లు తెల్లగా కనబడుతున్నాయి. వెనక నుంచి చూస్తే అచ్చం మా బాపే. బాపు పోయాక అట్లా నడిచే మనిషిని నేను మళ్లీ చూస్తాననుకోలేదు. తెలియకుండానే నేను నడక పెంచాను. దగ్గరికి పోయాక గుర్తొచ్చి మళ్లీ తగ్గించాను.

నా పెళ్లయిన కొత్తలో దసరా వెళ్లిన మర్నాడు మా అన్న లూనా వేసుకుని ఇబ్రహీంపట్నం వచ్చేవాడు, నన్ను తల్లిగారింటికి తీసుకుపోవడానికి. నేను బస్సెక్కితే పోగలను. అయినా వచ్చేవాడు. వాకిట్లో బండి ఆపి, దిగకుండానే హారన్ కొట్టి, “ఏందే, ఇంకా తయారు కాలేదా?” అని మా అత్త వినేట్టు అరిచేవాడు. నాకు పిలిచే మనుషులున్నారని మా అత్తకు తెలియడం కోసం ఆ అరుపు. అప్పుడు ఫోన్లు లేవు కాబట్టి వచ్చాడు అంటాడు మా ఆయన. మా ఆయన అన్న ఆ మాటా నాకు గుర్తుంది.

తర్వాత పెద్ద చర్చికి తీసుకుపోయారు. అమెరికా ఖండాలు మొత్తం మీద మొట్టమొదట కట్టిన పెద్ద చర్చి అని చెప్పారు. పాత బెల్లం రంగు రాయి. గైడు గొడుగు ఎత్తి ముందున్నవాళ్లతో లోపలికి పోయింది. వెనక ఉన్న మాలో నాదర్‌గుల్ దంపతులు ఉన్నారు. వాళ్లు క్రైస్తవులు. వాళ్ల ఊరి చర్చిలో చెప్పులు బయటే విడుస్తారు. ఆమె గుమ్మం దగ్గర ఆగి, కొంగు తల మీద కప్పుకుని, చెప్పులు విడిచింది. ఆయన బూట్లు విప్పాడు. వాళ్లు విడిచాక మేము వేసుకుని ఎట్లా పోతాం? దేవుడు ఎవరైనా గుడి గుడే కదా. నేను విడిచాను, మా ఆయన విడిచాడు. చూసినవాళ్లు చూసినట్టు అందరూ విడిచారు. లోపలికి పోయినవాళ్లు కూడా తప్పు చేసినట్టు మొహాలు పెట్టి వెనక్కి వచ్చి విడిచి పోయారు. మా అన్న గోడకు చేయి ఆనించి వంగలేక వంగి బూట్ల తాళ్లు విప్పుకోవడం చూశాను. వదిన సాయం చేయలేదు. ఫోటోలు తీసుకుంటోంది. అక్కడి కాపలా మనిషి ఏదో అన్నాడు గానీ వాళ్ల భాషలో అన్నాడు.

లోపల చల్లగా, ఎత్తుగా ఉంది. పాదాల కింద రాయి చల్లదనం మోకాళ్ల దాకా ఎక్కింది. కొందరు దండం పెట్టుకున్నారు. నేను కూడా పెట్టుకున్నాను. ఏం కోరుకున్నానో ఇక్కడ రాయను.

గైడు మమ్మల్ని తిప్పి తిప్పి ఇంకో వైపు తలుపు నుంచి బయటికి తెచ్చింది. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ, పెనం లాంటి రాళ్లు. అందరం ఒక్కసారిగా ఎగరడం మొదలుపెట్టాం. గైడుకు ముందు ఏమీ అర్థం కాలేదు. మా పాదాలు చూసింది. ఏరియా మేనేజర్ విషయం చెప్పాక నోటికి చేయి అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఇన్నేళ్లలో నా వెనక వచ్చినవాళ్లు పర్సులు పోగొట్టుకున్నారు, టోపీలు పోగొట్టుకున్నారు, ఒకాయన భార్యనే మరచిపోయాడు, కానీ అందరి చెప్పులూ ఒకేసారి పోవడం ఇదే మొదలు అంది. మేము గోడ నీడలో వరసగా, ఒంటికాలు మీద ఒకసారి, రెండో కాలు మీద ఒకసారి నిలబడ్డాం. ఏరియా మేనేజర్ సాక్సులతోనే మొదటి గుమ్మం వైపు పరుగెత్తాడు. ఆయన వెంట మా అన్న కూడా కదిలాడు.

“నువ్వెందుకే, మోకాలు నొస్తదని రాత్రంత మూలిగినవ్” అంది వదిన.

“గా మేనేజర్‌కు ఎవలయి ఏవో ఏం ఎర్క. అన్ని కలిపి తెస్తడు” అంటూ పోయాడు.

ఎక్కడ దొరికిందో, ఒక పెద్ద ప్లాస్టిక్ సంచిలో చెప్పులన్నీ నింపుకుని మేనేజర్ వచ్చాడు. నీడలో కుమ్మరించాడు. అందరూ మీద పడి వెతుక్కున్నారు. నావి లేవు. మా అన్న వెనకగా మెల్లగా వస్తున్నాడు. ఆయన చేతిలో విడిగా ఒక జత ఉంది, మట్టి రంగువి. నా చెప్పులు మడమ దగ్గర బయటి వైపు అరుగుతాయి. అమ్మ చెప్పులూ అంతే. ఎన్ని కొత్తవి కొన్నా రెండు నెలల్లో ఒక పక్క వాలిపోతాయి. ఆ అరుగుదల చూసి పట్టుకున్నాడు. వచ్చి నా పాదాల ముందు వాటిని తిన్నగా పెట్టి, నా వైపు చూడకుండా మా ఆయనతో అన్నాడు.

“బావా, గివి మీ ఇంటామెవేనా అడుగు.”

నేనూ మా ఆయనతోనే అన్నాను. “నావే అని చెప్పు. చెప్పులు తెచ్చే మర్యాద నేర్చిండు గని మనిషిని పిలిచే మర్యాద ఇంక నేర్వలేదని గూడ చెప్పు.”

మా ఆయన ఇద్దరినీ చూసి, “మధ్యల నేనెందుకు? ఇద్దరికి చెవులు మంచిగనే ఉన్నయ్ గద” అని తన బూట్లు వేసుకోవడానికి కూర్చున్నాడు.

మా అన్న పోలేదు. నేను చెప్పుల్లో కాళ్లు పెట్టుకునేదాకా అక్కడే నిలబడ్డాడు.

భోజనానికి ఒక పాత ఇంటి పెరటిలాంటి చోటుకు తీసుకుపోయారు. మధ్యలో ఆకాశం, చుట్టూ వసారా. ఎనిమిదేసి మందికి ఒక బల్ల. ఎవరు ఎక్కడ కూర్చోవాలో మేనేజర్ చెప్పాడు, ఆయనకు మా సంగతి తెలియదు. మా అన్నా వదినా సరిగ్గా నా ఎదురుగా వచ్చారు. అన్నం, ఎర్ర చిక్కుడు గింజల పులుసు, కోడికూర పెట్టారు. తర్వాత ఒక పళ్లెంలో విడిగా ఇంకేదో తెచ్చారు. గోధుమ రంగు పెచ్చులు. ఏమిటా అని చూస్తే మాడు. అన్నం వండిన గిన్నె అడుగున అంటుకున్న మాడు, గీకి తీసి, గొప్ప వంటకం లాగా పళ్లెంలో పెట్టి తెచ్చారు. ఇక్కడివాళ్లకు ఇదంటే ప్రాణమని, ఇంట్లో పిల్లలు దీని కోసం కొట్టుకుంటారని గైడు బల్ల బల్లకూ వచ్చి చెప్పింది.

మా బల్ల మీద అందరూ నవ్వారు. మనం కుక్కకు పెట్టేది వీళ్లు పళ్లెంలో పెట్టిన్రు అన్నారెవరో. నేను నవ్వలేదు. మా అన్నా నవ్వలేదు. రావిర్యాలలో మా అమ్మ కట్టెల పొయ్యి మీద వండేది. పొలం పనివాళ్లకు కూడా కలిపి వండిన రోజున అడుగున మందంగా మాడు కట్టేది. అమ్మ గరిటె తిరగేసి గీకుతుంటే మేమిద్దరం రెండు వైపులా కూర్చునేవాళ్లం. దాని మీద కాస్త ఉప్పు, కాస్త పచ్చిపులుసు. పెద్ద పెచ్చు ఎప్పుడూ మా అన్నకే. పెద్దోడు, పనికి పోతడు అనేది అమ్మ. నేనూ పనికి పోయేదాన్ని. అమ్మ మీద కూడా నాకు ఆ ఒక్క కోపం మిగిలింది.

మా అన్న ఆ పళ్లెంలోంచి ఒక పెచ్చు తీసుకుని రెండుగా విరిచాడు. సమంగా విరగలేదు. రెండింటినీ ఒక క్షణం చూసి, పెద్దది బల్ల మీదుగా జరిపి నా కంచంలో పెట్టాడు. తన ముక్క నోట్లో వేసుకుని తల దించుకుని నమిలాడు. ఆ చప్పుడు నాకు వినిపించింది. నేను తిన్నాను. గట్టిగా, కొంచెం చేదుగా, కొంచెం నూనె వాసనగా ఉంది. మా ఇంటిది కాదు. అయినా పొడి కూడా మిగల్చలేదు. అప్పుడు ఆయన తల ఎత్తి ఏదో ఒకటి అని ఉంటే, అన్నం ఎట్లుంది అని అడిగినా సరే, నేను మాట్లాడేదాన్ని. కానీ వదిన ఆయన మోచేతిని పొడిచి చెవిలో ఏదో చెప్పింది. ఆయన తల ఊపాడు.

ఏం చెప్పిందో కాసేపట్లోనే తెలిసింది. భోజనం తర్వాత నది ఎదురుగా ఉన్న పెద్ద మైదానానికి తీసుకుపోయారు. ఒక పక్కన ఆ నావికుడి కొడుకు కట్టించుకున్న రాతి మేడ. మైదానం నిండా పావురాలు. మేడ లోపలికి పోవడానికి మా వంతు కోసం ఆగాం. అప్పుడు వదిన హ్యాండ్‌బ్యాగు తెరిచి చిన్న కుంకుమ భరిణె తీసింది. మా అన్న ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. విషయం ముందే తెలిసినట్టు మేనేజర్ ఫోను ఎత్తి వీడియో మొదలుపెట్టాడు. మావాళ్లంతా చుట్టూ గుమిగూడారు.

“బిడ్డ పెండ్లి దగ్గర పడ్డది” అంది వదిన. “ఇంటికి పోయినంక ఊపిరి తీసుకునే తీరిక ఉండది. నువ్వు గీడ ఎదురుంగనే ఉన్నవ్ గద, పెట్టేస్తె ఒక పని అయిపోతది.” కుంకుమలో వేలు ముంచి నా నుదుటి వైపు తెచ్చింది.

నేను వెనక్కి ఒక అడుగు వేశాను. వేలు గాలిలో ఆగింది.

“గిది మా గడపనా?” అన్నాను.

మా అన్న అన్నేళ్ల తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

“రెండు విమానాలు మారి, సముద్రాలు దాటి వచ్చి పెడుతున్నం. ఇంకెంత దూరం రావాల్నే?”

“వచ్చింది నా కోసమా, సిమెంటు కోసమా?”

వెనక ఎవరో నవ్వి దగ్గు కింద మార్చుకున్నారు.

“తుక్కుగూడ నుంచి ఇబ్రహీంపట్నం రా” అన్నాను. “నీకు సముద్రం దగ్గర, సాగర్ రోడ్డు దూరం అయింది.”

“నువ్వు వచ్చినవా? పాలకు వచ్చినవా?”

“పిలిచినవా?”

ఆయన టోపీ తీసి చేతిలో నలిపాడు. గొంతు తగ్గించాడు గానీ అందరికీ వినబడింది. “తప్పో ఒప్పో, కార్డు పంపిన. కోపం వచ్చినా చెల్లె వస్తదనుకున్న. ఆ దినం పొద్దుగాల నుంచి పొయ్యి పక్కన కూసున్న. పాల గిన్నె పొయ్యి మీద పెట్టనియ్యలే ఎవ్వర్ని. అయ్యగారు ముహూర్తం దాటుతుందని మొత్తుకుంటనే ఉండె. నీ కోసమే కూసున్న. ఆఖరికి గామె పొంగిచ్చింది. ఎవరో ఒకరు పొంగియ్యాలె గద.”

ఈ సంగతి నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఫోటోలో ఆయన లేడు. పాలు పొంగే ఫోటోలో ఇంటి యజమాని ఎందుకు లేడో నేనెప్పుడూ ఆలోచించలేదు. అయినా ఒకటి చెప్పాలి. పొయ్యి పక్కన కూర్చున్న మనిషి చేతిలో ఫోను ఉంది. లేచి వస్తే ముహూర్తం లోపే నన్ను తీసుకుపోయేవాడు. లూనా మీద వచ్చిన మనిషే కదా.

“ఇంటికి రా” అన్నాను. “గడప దగ్గర పెట్టిపియ్. అప్పుడు వస్త. అట్లయితె ముందుగాలనే వస్త.”

ఆయన నలిపిన టోపీని మళ్లీ తలకు పెట్టుకున్నాడు. వదిన వేలు ఇంకా గాలిలోనే ఉంది, కొసన ఎర్రగా కుంకుమ. ఒకసారి తీసిన కుంకుమను మళ్లీ భరిణెలో కలపరు, రాల్చేయరు. ఏం చేయాలో ఆమెకు తోచలేదు. అంతలో మా వంతు వచ్చిందని పిలవడానికి గైడు గొడుగు ఊపుకుంటూ గుంపు మధ్యకు వచ్చింది. వదిన ఏమనుకుందో, ఆ వేలు తీసుకుపోయి గైడు నుదుట పెట్టేసింది.

ఆమె ఆశ్చర్యపోయి కళ్లు పైకెత్తి తన నుదురు తనే చూసుకోబోయింది. ఎవరో ఫోనులో చూపించారు. చాలా సంతోషపడింది. రెండు చేతులు జోడించి వదినకు దండం పెట్టింది. మా పద్ధతి ప్రకారం బొట్టు పెట్టాక మనిషిని పిలిచినట్టే. ఆ లెక్కన మా మేనకోడలి పెళ్లికి మా వైపు నుంచి మొట్టమొదటి పిలుపు ఆ ఊరి ఆడమనిషికి అందింది. నాకు పెట్టాల్సిన బొట్టు అది. మేడ లోపల పాత మంచాలు, కత్తులు, బొమ్మలల్లిన గోడ తెరలు చూపిస్తూ ఆమె తిరుగుతుంటే నేను వాటిలో ఒక్కటీ చూడలేదు. ఆమె నుదుటి మీద ఆ ఎర్ర చుక్కనే చూశాను.

నది ఒడ్డున కోట కూడా చూపించారు. మా అన్న పైకి ఎక్కలేదు. కింద ఫిరంగి పక్కన అరుగు మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నాడు. నేను పైనుంచి చూశాను. పైన గాలి బాగా వీస్తోంది, కింద నది వెడల్పుగా సముద్రంలో కలుస్తోంది. దిగిపోయి పక్కన కూర్చుందామనిపించింది. ఏమీ మాట్లాడకుండా ఊరికే కూర్చుంటే చాలుననిపించింది. మెట్లు దిగేసరికి గైడు గొడుగు ఎత్తేసింది, ఆయన లేచి అందరితో పాటు నడుస్తున్నాడు.

తిరుగు దారిలో బస్సులో అందరూ నిద్రపోయారు. నేను వెనక చక్రం మీద సీటులో కూర్చుని, పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చున్న మా అన్నను ఊహించుకుంటూ వచ్చాను. కొత్త ఇల్లు, కొత్త ధోవతి. వచ్చిన ప్రతి బండి చప్పుడుకూ వాకిలి వైపు చూసి ఉంటాడు. ఆ పూట నేను ఏం చేస్తున్నాను? దుకాణంలో కూర్చుని గ్రూపు చూస్తున్నాను. వాకిలి వైపు నేనూ చూశాను. అదెవరికి తెలుసు?

ఇబ్రహీంపట్నం వచ్చి మళ్లీ పనిలో పడ్డాం. ఆ పొద్దు మైదానంలో నేను చేసింది తప్పని మా ఆయన ఒకటికి నాలుగుసార్లు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇప్పుడూ ఒప్పుకోను. కానీ దుకాణం ముందు ఏ కారు ఆగినా తల ఎత్తి చూసేదాన్ని. గ్రూపు తెరవాలంటే భయమేసేది. కార్డు రాలేదు. కార్డు రాకపోవడం ఆశే కదా అనుకుంటూ రోజులు గడిపాను.

ఒక శుక్రవారం పొద్దున వదిన, మేనకోడలు మా ఇంటికి వచ్చారు. నేను పసుపు పూసిన గడప దాటి వచ్చి, వదిన నాకు బొట్టు పెట్టింది. పళ్లెంలో చీర, పండ్లు, తమలపాకులు. ఏ లోపమూ లేదు. మేనకోడలు నా చేయి పట్టుకుంది.

“అత్తా, పసుపు దంచే దినానికే రావాలె నువ్వు. ఏదన్న సాకు చెప్పినవనుకో, నేనే వచ్చి గుంజుకపోత.”

“వస్త బిడ్డా” అన్నాను. నా కళ్లు ఆమె భుజం మీదుగా వాకిట్లోకి పోయాయి. “మీ బాపు?”

ఆ పిల్ల తల్లి వైపు చూసింది. “కార్ల ఉన్నడు. అత్త పిలిస్తె వస్తనన్నడు.”

నేను లోపలికి పోయి చెంబులో నీళ్లు తీసుకుని బయటికి వచ్చాను. కారు మా గల్లీ మొదట్లో, నీడ లేని చోట ఆగి ఉంది. ఇంజన్ ఆపేశాడు. అద్దాలు దించుకుని కూర్చున్నాడు. నన్ను చూసి రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకున్నాడు.

“నీళ్లు తాగు” అన్నాను.

తీసుకుని తాగాడు. కొంచెం గడ్డం మీద పడింది, తుడుచుకోలేదు.

“షుగర్ గోలీలు ఏసుకుంటున్నవా?”

“ఏసుకుంటున్న.”

“తిన్నవా?”

“తిన్న.” చెంబు తిరిగి ఇచ్చాడు. “నువ్వు?”

“ఇంక తినలే.”

లోపలికి రా అన్నా అనే మాట ఒక్కటే అనాలి. అది నా నోటి దాకా వచ్చింది. పిలిచేది ఆయన, పిలిపించుకునేది నేను. బొట్టు తెచ్చింది వాళ్లు. ఇప్పుడు నేను పిలవడమేమిటి? ఆయన డోరు మీద చేయి పెట్టుకునే ఉన్నాడు. నేను ఏమంటానా అని చూస్తున్నాడు. నేను చెంబు పట్టుకుని, ఆయన ఏమంటాడా అని చూస్తున్నాను. ఎండ ఇద్దరి మీదా పడుతోంది. అంతలో వదిన, పిల్ల వచ్చి వెనక సీట్లో కూర్చున్నారు.

పెళ్లికి పోతాను. పసుపు దంచే రోజుకే పోతాను, ఆ పిల్లకు మంగళహారతి నేనే పడతాను. అందులో ఎవరూ నన్ను తప్పు పట్టే పని లేదు. కానీ ఆ శుక్రవారం మా అన్న ఆ డోరు తీసుకుని దిగి, మా ఇంట్లోకి వచ్చి, కాసేపు కూర్చుని పోయి ఉంటే బాగుండేది. కారు తిప్పుకోవడానికి ఆయన చాలాసేపు తీసుకున్నాడు. మా గల్లీ ఇరుకేమీ కాదు. నేను అక్కడే నిలబడ్డాను. కారు రోడ్డెక్కి తుక్కుగూడ వైపు మళ్లాక కూడా కాసేపు నిలబడే ఉన్నాను.